బొట్లు కలవకుండా కంచన్‌బాగ్ దాకా

కిషన్‌బాగ్ నుంచి కంచన్‌బాగ్ పెద్ద దూరమేం కాదు. కానీ వందల నీటిబొట్లను ఒళ్లో పెట్టుకుని, ఒక్కటీ పక్కదానితో కలవకుండా వెళ్ళాలంటే కాశీయాత్రే. రెండువేల ఆరు వేసవిలో ఆ యాత్ర నేను చేశాను.

తపాలా బిళ్ళంత గాజు చిప్పు. దానిలో వెంట్రుకంత కాలువ, కాలువ నిండా నూనె, నూనెలో వరసగా బొట్లు. ఒక్కో బొట్టులో రసాయనాలు ఒక్కో పాళ్ళలో ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటీ ఒక్కో ప్రయోగం. అవి రంగు మారడం పదకొండింటికి కంచన్‌బాగ్‌లోని ఒక ల్యాబులో పెద్దలు కెమెరా కింద చూస్తేనే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది సాగుతుంది. బొట్లు కలిశాయా, నేను మూటాముల్లె సర్దుకుని గుంటూరు బస్సెక్కడమే.

ఎనిమిదిన్నరకు ఆటోలో చార్మినార్ చేరి, ఒక చాయ్ తాగి సిటీ బస్సెక్కాను. చిప్పున్న స్టీలు డబ్బా రెండు చేతుల్లో ఉంది, కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. మొదటి బ్రేకుకే ఆకుకూరల గంపావిడ మీద పడబోయాను.

"డబ్బల ఏముందన్నా, గట్ల మోస్తున్నవ్?" అన్నాడు కండక్టర్.

"నీటిబొట్లండీ. కుదిపితే కలిసిపోతాయి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అరే డ్రైవర్ భాయ్, ఆహిస్తా!" అని బస్సంతా లొల్లి. గంపావిడ లేచి తన సీటు ఇచ్చింది. నాకు కాదు, డబ్బాకు. సంతోష్‌నగర్ గుంతల దగ్గర నలుగురు దాన్ని గాల్లోకి ఎత్తిపట్టుకున్నారు. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. దిగాల్సినవాళ్ళు కూడా "బొట్లు చేరినంక పోతం తియ్" అని కూర్చున్నారు.

ల్యాబు గేటు దగ్గర గార్డు పాసుల కాగితం చూశాడు. "గాజు చిప్పు, ఒకటి. దీనికి పాసుంది. మీదేది?"

నాకు పాసు రాయడం ఎవరికీ తట్టలేదు. "నేను లేకుండా అదెలా వెళ్తుందయ్యా?"

"ఫికర్ చెయ్యకున్రి సార్. నేను పట్కపోత."

గేటు బయట నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. ఒంటిగంటకు గార్డు ఖాళీ డబ్బాతో వచ్చాడు.

"ఒక్క బొట్టు గూడ కలువలే. సాబులు మస్తు ఖుష్. చిప్పు ఆడనే ఉంచుకున్నరు. ఇంకో ఏడాది ఇచ్చిన్రంట."

ప్రాణం లేచొచ్చింది. "ఎవరు తెచ్చారని అడగలేదా?"

"అడిగిన్రు. బస్సుల వచ్చిందని చెప్పిన."

తిరుగు ప్రయాణంలో అదే బస్సు, అదే కండక్టర్. పొద్దుటి సీటు ఖాళీగా కనిపిస్తే కూర్చోబోయాను.

"జర ఆగన్నా. గది డబ్బ సీటు."

"ఇప్పుడందులో ఏమీ లేదండీ!"

"అయితేంది? పొద్దున కూసున్నది గదా."

ఆ దారిన వెళ్ళేవారికి ఒక్క మాట. ఓల్డ్ సిటీలో మనుషులు మహా మంచివాళ్ళు, మీ చేతిలో పగిలేదేదైనా ఉంటే చాలు. ఏడాది దక్కిన సంతోషంతో నేను చార్మినార్ దాకా నిలబడే వచ్చాను. ఖాళీ డబ్బా కిటికీ పక్కన కూర్చుని వచ్చింది.