కరెంటు పోయినా ఆరని బంగళా

ఈ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టాలి. లేకపోతే బాన్సువాడలో కథల గేములను తుపాకుల గేములు తినేశాయని జనం చెప్పుకుంటారు. అబద్ధం. వాటిని చంపింది నేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. బస్టాండు వెనుక ఖలీల్ భాయి గేముల దుకాణం. మూడు కంప్యూటర్లలో కార్లు, తుపాకులు, వాటి ముందు తోపులాట. మూలనున్న నాలుగోదానిలో పాడుబడ్డ బంగళా కథ. దాని ముందు నేనొక్కణ్ణే.

"ఒకప్పుడు ఈ గేములే రాజులు భాయీ! పత్రికలో చదివిన," అనేవాణ్ణి. లైబ్రరీలో నేను నమలని కాగితం చెదపురుగులకు కూడా మిగల్లేదు.

"రాజులతోని కిరాయి ఎల్లదు తమ్మీ. ఇయ్యాల ఎవ్వలు కూసోకపోతే రేపు తీసేస్త."

గేములోని బంగళా మేడ మీద మూసిన తలుపు వెనుక ఒక ఆడమనిషి ఏడుస్తోంది. ఆమె ముఖం నేనింకా చూడలేదు.

మబ్బుపట్టిన ఆ మధ్యాహ్నం బీర్కూర్ నుంచి వచ్చే కుర్రాడు శీనును బతిమాలి పక్కన కూర్చోబెట్టి, కథ తెలుగులో చెబుతూ ఆడాను. మెట్లు కిర్రుమన్నాయి. ఏడుపు దగ్గరైంది. తుపాకుల పిల్లలు కూడా ఆట ఆపి వచ్చి నా వెనుక నిలబడ్డారు. గెలిచానే!

మేడ మీది తలుపు గొళ్ళెం తీయబోయాను. కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. మూడు తెరలు నల్లబడ్డాయి. నాలుగోది ఆరలేదు. దాని పచ్చటి వెలుగులో మా ముఖాలు శవాల్లా ఉన్నాయి. బల్ల కింద ఏదో ఆగి ఆగి 'కీ... కీ...' అంటోంది. ఏడుపు సాగుతూనే ఉంది.

"అన్నా, కరెంటు లేకుండ గిదెట్ల నడుస్తుంది?" అన్నాడు శీను.

పాఠక మహాశయా, 'తెలియదు' అనే మంచి మాట తెలుగులో ఉంది. ఆ క్షణాన గుర్తు రాలేదు.

"నడవది. అసాధ్యం. బుక్కుల ఉంది."

"మరి గిదేంది?"

"అదే... సూస్తున్న."

కూత ఆగకుండా సాగింది. తెర మీద తలుపు తెరుచుకుంది. లోపల పరచుకున్న జుట్టు. ముఖం ఇటు తిరుగుతుండగా తెర ఆరిపోయింది. చీకట్లో ఒక తడి చెయ్యి నా మెడ మీద పడింది.

చెప్పులు దుకాణంలో, మేము వర్ని రోడ్డు మీద.

"ఆగుర్రి! నేనే! వానల తడిసొచ్చిన! గా మూలదాని కింద యూపీఎస్ వెట్టిన, బ్యాటరీ డబ్బా!" అని ఖలీల్ భాయి వెనుక నుంచి అరుస్తున్నాడు. నాకొక్కడికే వినిపించింది. మిగతావాళ్ళు దయ్యమని నమ్మడానికి నా 'అసాధ్యం' చాలు.

మర్నాడు నస్రుల్లాబాద్ దాకా పాకిన కబురుతో దుకాణం ముందు బారులు. అందరికీ దయ్యం గేమే కావాలి! తుపాకుల ముందు ఈగలు.

"నోరు తెరవకు తమ్మీ," అన్నాడు భాయి మురిసిపోతూ. "దయ్యం ఉన్నన్ని దినాలు గేము ఉంటది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేనైతే పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి యూపీఎస్ గురించి చదివొచ్చాను. ఊరుకోగలనా? స్టూలెక్కి వివరించాను.

"గంతేనా?" అన్నాడు శీను.

బారు మొత్తం తుపాకుల వైపు మళ్ళింది. సాయంత్రానికి బంగళాను చెరిపేశారు.

అందుచేత తెలియనిది చెప్పనని, తెలిసినదైతే అసలే చెప్పనని లైబ్రరీ మెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రెండుసార్లూ నన్ను నమ్మిన శీనుకు, తడి చెయ్యి వేసిన ఖలీల్ భాయికి, యూపీఎస్ పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ నర్సింలు సారుకు కృతజ్ఞతలు. మేడ మీది ఆమెకు కూడా. పేరు తెలియదు, ఇటు తిరిగేలోపే చెరిపేశాం.