పోగుకొక పేరు

పొద్దున లేవగానే చౌడమ్మ చేసే మొదటి పని బూడిద జల్లించడం. పెరట్లో నీళ్ల పొయ్యి కింద చల్లారిన బూడిదను పాత పంచె గుడ్డలో మూట కట్టి, కొబ్బరి చిప్ప మీద పట్టుకుని, పసిబిడ్డ వీపు తట్టినట్టు మెల్లగా తడుతుంది. రాగిపిండి కంటే మెత్తగా, పొగమంచు దిగినట్టు దిగుతుంది. ముప్పై ఏళ్లు ఆ చిప్పను కొంగు చాటున పెట్టుకుని ధర్మవరం నేసేపేటలో ఎవరు పిలిస్తే వాళ్లింటికి పోయింది. ఇప్పుడూ జల్లిస్తుంది. చిప్ప నిండుతుంది. కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తర్వాత తీసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తుంది. ఏడాదిగా ఆ చెట్టుకు మాత్రం ఏ లోటూ లేదు.

ఆ బూడిదతో పనేమిటంటే, పోగులు అతకడం. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేయడం అయిపోయినా పాత పోగుల కొసలను తీసేయరు. అవి మగ్గం అచ్చు పళ్లలోనే వేలాడుతూ ఉంటాయి. కొత్త పడుగు వచ్చాక, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త పోగును వేళ్ల మధ్య మెలేసి అతకాలి. చీర వెడల్పుకు నాలుగు వేల పైచిలుకు పోగులు. పట్టు జారే గుణం గలది, వట్టి వేళ్లకు అందదు. అందుకే బూడిద. అంచు చివర ఒకటి రెండు పోగులు ఎక్కువే పోస్తారు, అవి లేకపోయినా చీరకు తక్కువేం కాదు. చౌడమ్మ అతికిన పడుగులో మాత్రం ఆ ఎక్కువ పోగులు కూడా తెగేవి కావని పేటలో పేరు.

పోయిన ఏడు ఆమె మగడు మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, పోగును దెబ్బవేసి బిగించే పలక మీదికి ఒరిగిపోయాడు. అడ్డపోగు నడిపే నాడె చేతిలోనే ఉంది. ఆ తర్వాత చౌడమ్మను ఎవరూ పిలవలేదు. ధర్మవరంలో నేసేవన్నీ దాదాపు పెళ్లి పట్టుచీరలే. పెళ్లి పడుగును పసుపు కుంకాలున్న చెయ్యే తాకాలని ఒక మాట ఉంది. ఆమె ముఖాన ఎవరూ అనలేదు. దారిలో కనిపిస్తే బాగుండావా అని అడుగుతారు, టీ తాగిపొమ్మంటారు. పడుగు సంగతి ఎత్తరు, అంతే.

ఎవరూ అననందువల్లే అది లోపలికి దిగింది. మధ్యాహ్నం పూట వాకిట్లో కూర్చుని తన వేళ్లను తిప్పి తిప్పి చూసుకునేది. వేళ్లు ఎప్పటిలాగే ఉండేవి. పక్క వీధిలో కరెంటు మగ్గాలు మోగుతుంటే, ఆ మోతలో ఆయన మగ్గం చప్పుడు ఎక్కడైనా కలిసి ఉందేమోనని వెతుక్కుంటూ, ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా అట్లాగే కూర్చుండిపోయేది.

అట్లా కూర్చున్న ఒక రోజు హేమలత వచ్చింది. హేమలత ఆమె ఆడబిడ్డ నాగక్క కూతురు. హిందూపురం సంబంధం కుదిరింది. పెళ్లిచీర తమ మగ్గం మీదే నేసుకుంటున్నారు, పడుగు కూడా ఇంటికి వచ్చేసింది. "అత్తా, నా పడుగు నువ్వే అతకాల" అంది.

"మీయమ్మ పిలుచుకోని రమ్మనిందా?"

"మాయమ్మ పిలిచేదాకా కాచుకుంటే ఆ చీర నా కోడలు కట్టుకుంటాది."

చౌడమ్మకు నవ్వు వచ్చింది. వదిన సంగతి ఆమెకు తెలుసు. తాను కొత్త కోడలిగా వచ్చిన రోజు గడపకు అడ్డంగా నిలబడింది ఈ నాగక్కే. మొగుని పేరు చెప్పందే లోపలికి వదలనంది. చౌడమ్మ తలొంచుకుని చెప్పింది. వినపడలేదంది నాగక్క. మళ్లీ చెప్పింది. ఊహూ, వినపడలేదు. మూడోసారి చెప్పినా వినపడలేదనే అంది గాని, కడుపుబ్బ నవ్వుతూ పక్కకు జరిగింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో చౌడమ్మ ఆ పేరు మళ్లీ పలకలేదు. పెళ్లాం మొగుని పేరు పలకదు కదా. ఏమయ్యా అంటే పలికేవాడు, అదే పేరైపోయింది. ఇప్పుడు అట్లా పిలవడానికీ మనిషి లేడు.

హేమలతకు ఔననీ కాదనీ చెప్పకుండా పంపించి, మరుసటి రోజు చౌడమ్మ పెనుకొండ బస్సెక్కింది. అక్కడ కొండ కింద పోతులయ్య ఉంటాడు. గొంగళ్లు నేసే ముసలాయన. సోమవారాల్లో ఆయన ఇంట్లో భజన జరుగుతుంది. ఒకటే పెద్ద గొంగడి పరుస్తాడు. దాని మీద గొర్రెలు కాసేవాళ్లు, పట్టు నేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుంటారు. భజన అయ్యాక ఒకే గిన్నెలో కలిపిన బొరుగులు తింటారు. చౌడమ్మ మగడు పదిహేనేళ్లు ఆ గొంగడి మీద కూర్చున్నాడు. చౌడమ్మ ఒక్కసారీ పోలేదు. నాగక్క మాత్రం గొంగళ్లాయన దగ్గర ఏం జ్ఞానముంటాది, బొచ్చు తప్ప, అని దెప్పేది.

బస్సు దిగేసరికి కొండ మీద కోటగోడలు ఎండలో కరిగిపోతున్నట్టు కనిపించాయి. ఆమె పోయేసరికి పోతులయ్య ఉన్ని వడుకుతున్నాడు. ఎవరని అడగలేదు. కదురు ఆపలేదు. చౌడమ్మ ఎదురుగా కూర్చుంది. ఉన్ని వాసన, కదురు తిరిగే సన్నని చప్పుడు, తలుపు సందులోంచి పడిన ఎండలో ఎగిరే నూగు. ఆ నూగు కింద పడేది కాదు, పైకి పోయేది కాదు. నిద్రలో ఉన్నానా అనిపించిందామెకు. చివరకు తన చెయ్యి సంగతి చెప్పుకుంది. హేమలతకు మేలు చేద్దామని పోయి కీడు చేస్తానేమోనని భయంగా ఉందంది. చదువు లేనిదాన్ని, నోటికి పట్టేటంత చిన్న మంత్రం ఏదైనా ఉంటే చెప్పమంది.

పోతులయ్య అప్పుడు కదురు ఆపాడు. "దేంతో అతుకుతావు తల్లీ?"

"బూడిదతో స్వామీ."

"పసుపుతో అతకరాదా? కుంకంతో అతకరాదా?"

ఏం ప్రశ్న ఇది అనుకుంది చౌడమ్మ. "అవి నిలవవు స్వామీ. జారిపోతాయి. బూడిదైతేనే పట్టుకుంటాది."

"ఆఁ. కాలింది గాబట్టి పట్టుకుంటాది." అని, మళ్లీ కదురు తిప్పాడు. కాసేపయ్యాక, అదేదో ఇంటిపని పురమాయించినట్టు చెప్పాడు. మంత్రాలు తనకూ రావట. పోగుకు ఒక పేరు చెప్పుకోమన్నాడు. ఒక మనిషి పేరు, వాళ్లు చల్లగా ఉండాలని ఒక తలపు. అది చాలన్నాడు. దేవుడు యాడుండాడని ఆమె మగడు కూడా మొదట్లో అడిగేవాడట, పిలిస్తే పలికే ప్రతి పేరులోనూ ఉండాడు పొమ్మని తాను చెప్పేవాడట.

"నాలుగు వేల పోగులు స్వామీ. నాకు అంతమంది యాడ తెలుసు? తెలిసినోళ్లు అయిపోతే?"

"నచ్చినోళ్లు ముందు అయిపోతారు" అన్నాడు పోతులయ్య. "ఆణ్నించే పని మొదలు."

"పోయినోళ్లను చెప్పొచ్చునా?"

"అది నీ చేతికే తెలుస్తాది" అన్నాడు.

ఆమె ధర్మవరం చేరేసరికి నాగక్క ఇంట్లో రభస నడిచి ముగిసింది. అత్త అతకకపోతే హిందూపురంలో అంగడి చీర కొనుక్కుని కట్టుకుంటానని హేమలత పట్టుబట్టింది. మగ్గమున్న ఇంటి ఆడపిల్ల అంగడి చీరతో పీటల మీద కూర్చుంటే పేటలో తలెత్తుకోగలమా? నాగక్క ఒప్పుకుంది. కాని మొదటి పోగు తానే అతుకుతానంది. తాళి ఉన్నదాని చేత్తో మొదలు కావాలంది. చౌడమ్మ సరేనంది. ఆ మాటలో ఉన్నది పొగరు కాదు, బిడ్డ మీద భయమని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆ భయం తనలోనూ ఉంది మరి.

ఏడాది తర్వాత బూడిద చిప్ప కొంగు చాటుకు చేరింది. చౌడమ్మ వదిన ఇంటి గడప దాటి లోపలికి పోయింది. నాగక్క ఇంటి దేవత చౌడేశ్వరమ్మకు దండం పెట్టుకుని మొదటి పోగును తడబడుతూ అతికి, లేచి గడప దగ్గర కూర్చుంది, కాపలాకు కూర్చున్నట్టు. కొత్త పడుగు మామిడిపండు రంగు. కిటికీ వెలుగు దాని మీద పడి గదంతా పసుప్పచ్చగా ఊగుతోంది. చౌడమ్మ మగ్గం వెనక చాప వేసుకుని కూర్చుని, బూడిద అద్దుకుని, రెండో పోగు అందుకుంది.

హేమలత. తర్వాత ఎవరో హిందూపురం పెళ్లికొడుకు, అనిల్ కుమార్ అని విన్నది. తర్వాత మడకశిరలో కాపురమున్న తన కూతురు ఉషారాణి, దాని బిడ్డలు. పాలు పోసే మారెమ్మ. రీళ్లు చుట్టే రోషన్‌బీ, రోషన్‌బీ మనవరాలు అంజుమ్. పేర్లు పెదవుల మీదే పుట్టి పెదవుల మీదే ఆగేవి. చల్లగా ఉండు, చల్లగా ఉండు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తెలిసినవాళ్లు అయిపోయాక, పేర్లు తెలియనివాళ్లు వచ్చారు. పెనుకొండ బస్టాండులో మల్లెపూలు అమ్మిన ఆడమనిషి. కిటికీ పక్క సీటు ఇచ్చిన పిల్ల. చిన్నప్పుడు తనను రెండో తరగతిలో బడి మాన్పిస్తుంటే వద్దని నాయనకు చెప్పి చూసిన పంతులమ్మ. ఒక ముఖం వెనక ఇంకో ముఖం, తలుపు తీస్తే ఇంకో తలుపు ఉన్నట్టు. మధ్యాహ్నానికి ఆమెకు తాను ఎక్కడ కూర్చుందో మరపు వచ్చింది. పట్టు కోసం వేడినీళ్లలో పోయిన పురుగులు గుర్తొచ్చాయి. వాటికి పేర్లు లేవు. పోయినవాటిని చెప్పొచ్చో లేదో తేలలేదు గాని, వాటి దారంతోనే కదా పని, వదలడానికి మనసొప్పలేదు. ఏమని పిలవాలో తెలియక, నూరు పోగులు ఊరకే అమ్మా, అమ్మా అంటూ అతికింది.

రెండో రోజు నచ్చనివాళ్లు మొదలయ్యారు. గోడ తగువు పెట్టిన పక్కింటివాళ్లు. ఆయన పోయిన నాడు వాకిట్లో నిలబడి ఫోనులో గట్టిగా నవ్విన మనిషి. ఒక్కో పేరు దగ్గర వేళ్లు బరువెక్కేవి, తర్వాత తేలికయ్యేవి. ఒక్క పేరు మాత్రం ముందు రోజు నుంచీ పక్కకు నెడుతూ వచ్చింది. అది గడప దగ్గరే కూర్చుని ఉంది. ఈ పోగుకు చెబుదాం, కాదులే, వచ్చేదానికి చెబుదాం. అట్లా నెట్టి నెట్టి, ఇక నెట్టడానికి ఎవరూ మిగలని చోట వేళ్లు బిగిసిపోయాయి.

పోగు పుటుక్కున తెగింది.

చౌడమ్మ చేతిలో పోగు తెగడం పేటలో ఎవరూ చూడలేదు. నాగక్క చూసింది. లేచి నిలబడింది. ఆమె చెయ్యి తాళి మీదికి పోయింది. చౌడమ్మ భయపడినట్టే అయింది, ఈ చెయ్యి మంచిది కాదు, లేచిపోదామనుకుంది. చిప్పలో బూడిద కనిపించింది. అది ఎప్పటిలాగే మెత్తగా, చల్లగా ఉంది. పోతులయ్య మాట గుర్తొచ్చింది. తెగింది చేతి వల్ల కాదు, చెప్పకుండా మింగిన పేరు వల్ల. మళ్లీ బూడిద అద్దుకుని, తెగిన కొసను వెతికి పట్టుకుని, ఈసారి పైకే అంది.

"నాగక్క."

"ఏందే, పెద్దదాన్ని పేరు పెట్టి పిలుస్తాండావు?"

చౌడమ్మ పోగు అతికేదాకా ఆగి, సంగతి చెప్పింది. ఒక్కో పోగుకు ఒక్కో పేరు చెప్పుకుంటున్నాననీ, గొంగళ్లాయన చెప్పాడనీ, ఇప్పుడు వదిన వంతు వచ్చిందనీ.

నాగక్క నిలబడే అడిగింది, "నా పేరుకు ఏమనుకున్నెవు?"

"చల్లంగ ఉండాలని. అందరికీ అదే వదినా. నాకు వేరేది రాదు."

నాగక్క గడప దిగి వచ్చి, పోగులకు అటువైపు చతికిలబడింది. కొత్త పోగులను వరసగా వేరు చేసి అందివ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి, ఎటో చూస్తూ, ఒక పోగు అందిస్తూ తన తోడికోడలి పేరు చెప్పింది. పదేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. చౌడమ్మ అతికింది. తర్వాత ఇంకో పేరు. తర్వాత ఇంకోటి, చౌడమ్మ ఎన్నడూ వినని పేరు. ఎవరని అడగలేదు. రీళ్లు ఇవ్వడానికి వచ్చిన రోషన్‌బీ వీళ్ల గొణుగుడు విని, సంగతి కనుక్కుని, తనవాళ్లవి ఓ పది పేర్లు నిలబడే చెప్పిపోయింది. దుబాయిలో ఉండే అల్లుడు జావీద్‌ను మరిచిపోయానని వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చి మరీ చెప్పింది.

ఎండ కిటికీ దిగేవేళకు అంచు దాకా వచ్చారు. అన్నీ అతికాక, చివర ఎక్కువ పోసిన ఒకే ఒక్క పోగు మిగిలింది. రెండు రోజులుగా చౌడమ్మ దాన్ని ఆయన కోసం దాచుకుంటూ వచ్చింది.

బూడిద అద్దుకుంది. పాత కొస ఒక చేతిలో, కొత్త పోగు ఇంకో చేతిలో. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. అతికితే ఇది మళ్లీ మగ్గమెక్కుతుంది. మళ్లీ పలక దెబ్బలు తింటుంది, మళ్లీ మొదటి నుంచి కొస దాకా నేసుకురావాలి. ఆయన నేసినంత నేశాడు. మోకాళ్లు పట్టేసినా నేశాడు, కళ్లు మసకేసినా నేశాడు.

"నరసింహులు" అంది చౌడమ్మ, ఇంట్లో అందరికీ వినపడేటట్టు.

వేళ్లు విప్పింది. పాత కొస మిగతా పోగుల పక్కన కిందికి జారి, గాలికి కొంచెం ఊగి, ఆగింది.

నాగక్క ఆమె ముఖంలోకి చూసింది. "ఇప్పుడు వినపడింది" అంది. తర్వాత అలవాటు చొప్పున అంచును తడిమి, "ఒక పోగు మిగిలింది గదే" అంది.

"ఉండనీలే వదినా" అని, చౌడమ్మ బూడిద చిప్పను కొంగు చాటున పెట్టుకుని లేచింది.