స్విచ్చికి పెట్టిన బొట్టు

మొన్న మనవరాలు ఫ్యాను రెగ్యులేటరు విప్పి, లోపల కాలిపోయిన మూడు కాళ్ల ముక్కను తీసేసి కొత్తదానికి టంకం వేస్తుంటే, గుగ్గిలం పొగలాంటి వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ ముక్క పేరు ట్రయాక్ అని, ఇప్పుడు టీ ఖరీదుకే దొరుకుతుందని చెప్పింది. నాకు తెలుసునన్నాను. నమ్మలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు గజపతినగరం దగ్గర మా ఊళ్లో ఇంటికి కరెంటు కొత్త. నట్టింట్లో ఒకటే బల్బు. దసరా రోజుల్లో నార కోసం చెరువులో ఊరవేసిన గోగుకట్టల కుళ్లు వాసన, దాని మీదుగా తేలివచ్చే బూరెల బెల్లం వాసన, వాకిట్లో దండేల మీద ఆరే తెల్లటి నార, మధ్యాహ్నం చోడంబలిలోకి నంజుకునే పచ్చిమిరపకాయ. నార కడిగిన తడిచేతులతో స్విచ్చి వేయబోయి నాయినమ్మ రెండుసార్లు షాకు తింది. ఇంకోసారి తేడా వస్తే తీగలు పీకించేస్తానంది. ఆ దీపం కింద అన్నయ్య ఎక్కాలు చదివేవాడు, నేను చింతపిక్కలు ఆడేదాన్ని. దీపం పోతే పొద్దుగూకగానే నా ఆట ముగిసినట్టే.

విశాఖపట్నంలో రేడియోలు బాగుచేసే చిన్నాన్న పండక్కి వస్తూ, ఓడల పాతసామాన్లలో దొరికిన ట్రయాక్ ఒకటి తెచ్చాడు. దాన్ని చెక్కపెట్టెలో బిగించి, పెట్టెను దూలానికి కొట్టి, తాడు వేలాడదీశాడు. తాడు లాగితే లోపల చెక్క మీట కదిలి ముక్కకు చిటికెడు కరెంటు అందుతుంది, అప్పుడది పెద్ద కరెంటును బల్బుకు వదులుతుంది. నిప్పురవ్వ రాదు, తడిచెయ్యి కరెంటు దరిదాపులకు పోదు. తూము దగ్గర కాపలా మనిషి లాంటిదని, చిటికేస్తే తలుపు ఎత్తుతుందని చిన్నాన్న చెప్పాడు.

ఆయుధపూజ ఉదయం కొడవళ్లతో, నాగలి కర్రుతో పాటు ఆ పెట్టెనూ దించి పీట మీద పెట్టారు. మా ఇంట్లో పనిముట్టుకు పిడి మీద కాదు, పనిచేసే చోట పసుపు రాయాలి: కొడవలికి అంచున, కర్రుకు మొనన. ఆ పని నాది. పెట్టెలో పనిచేసేది మూడు కాళ్ల ముక్కే కదా అని మూత తీసి, కాళ్ల సందుల దాకా తడిపసుపు మెత్తి, కుంకుమ అద్ది, మళ్లీ మూసేశాను.

సాయంత్రం చిన్నాన్న పెట్టెను బిగించి మెయిను వేశాడు. ఎవరూ తాడు ముట్టకుండానే బల్బు వెలిగింది. లాగినా ఆరలేదు.

"ఒరే సిన్నోడా, మాటినని దీపం నాకొద్దు. తీగలు తెంపీ," అంది నాయినమ్మ.

చిన్నాన్న మెయిను తీసి కటింగు ప్లేరు అందుకున్నాడు. నా ఒళ్లో చింతపిక్కలు నేల మీదికి జారాయి.

"దీపం తప్పు కాదు నాయినమ్మా, లోపల నానే పసుపు రాసినాను," అన్నాను.

మూత విప్పి చూస్తే ముక్క పెళ్లికూతురిలా పచ్చగా ఉంది. తడిపసుపు మీదుగా కరెంటు దొంగదారిన పోయి ముక్కను లేపిందని చెబుతూ చిన్నాన్న నవ్వాపుకోలేక కూలబడ్డాడు. "బొట్టెట్టమంటే తానం సేయించీసినావేటే?" అన్నాడు.

నాయినమ్మ పెట్టెలోకి తొంగి చూసింది. "పసుపు పడని కోడల్ని తెచ్చినావురా," అంది చిన్నాన్నతో. తర్వాత నావైపు తిరిగి, "సర్లే, ఉండనీ. ఇకనించి మూత మీదే ఎట్టు," అంది.

మర్నాడు తుడిచి ఎండలో ఆరబెడితే అది బుద్ధిగా తాడు మాట వింది.

ఇప్పుడు మా ఊళ్లో గోగు వేసేవాళ్లు లేరు, చెరువుగట్టున ఆ వాసనా లేదు. చింతపిక్కలు ఆడే పిల్లలూ కనబడరు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కనుక ఇదంతా రాయగలిగాను. నేను చెప్పింది విన్న మనవరాలు, రెగ్యులేటరు బిగించాక నేను పసుపు గిన్నె తెస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"మూత మీదే," అన్నాను.