పద్నాలుగు వారాల పట్టిక

బస్సు డిపోలో ఆమెను అందరూ పట్టికమ్మ అనేవారు. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, ఏ స్టాపుకు ఎన్ని నిమిషాల్లో చేరాలి, డ్రైవరు ఎక్కడ దిగి భోంచెయ్యాలి, ఇవన్నీ ఆమె రాసిన కాగితాల ప్రకారమే నడిచేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని. అందుకే ఇల్లు అమ్మక తప్పదని తేలిన రోజు ఆమె కూర్చుని బాధపడలేదు. పెద్ద చార్టు కాగితం తెచ్చి, వంటింటి అలమర తలుపుకు అతికించి, స్కేలు పెట్టి గీతలు గీసింది.

కారణం భర్త మోకాళ్ళు. ఆయనా ఆ డిపోలోనే డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలోంచి గుమ్మానికి తొమ్మిది మెట్లు, హాల్లోంచి మేడ గదికి పదిహేడు. రెండేళ్ళుగా ఆయన మేడ ఎక్కింది లేదు, కింద హాల్లోనే పడక. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చెయ్యాలని, ఆ తర్వాత ఆ మెట్లున్న ఇంటికి మాత్రం పంపనని డాక్టరు ఖరాకండిగా చెప్పేశాడు. తేదీ కూడా ఇచ్చాడు. సరిగ్గా పద్నాలుగు వారాలుంది.

ఆమె ఏ పట్టికనైనా చివరి నుంచి వెనక్కి రాసేది. ఆపరేషన్‌కు పది రోజుల ముందే కొత్త ఇంట్లో మంచం, పొయ్యి కుదురుకోవాలి. చెల్లెలు ఉండే వీధిలో కింది వాటా ఒకటి పదకొండో వారానికి ఖాళీ అవుతుంది. అంటే తొమ్మిదో వారానికి రిజిస్ట్రేషను అయిపోవాలి. అంతకు నెల ముందే కొనేవాళ్ళు దొరకాలి. అంతకు ముందు కాగితాలన్నీ ఒకచోట చేర్చుకోవాలి, మెట్ల పక్క చెమ్మ గోడకు సున్నం వెయ్యాలి. పన్నెండో వారాన్ని మాత్రం ఖాళీగా వదిలింది.

"అదేంటక్కా, అక్కడేమీ రాయలేదు?" అంది చెల్లెలు.

"బస్సుని చివరి స్టాపులో ఏడు నిమిషాలు ఊరికే నిలబెట్టాలే. దారిలో ఎక్కడ ఆలస్యమైనా ఆ ఏడు నిమిషాలే సర్దుతాయి. ఇదీ అంతే."

"బాగుంది. మరి ఇందులో నాకు టీ ఎన్నింటికి?" అన్నాడు ఆయన హాల్లోంచి.

ఇల్లు చూడ్డానికి మనుషులు రాసాగారు. ఒకాయన గోడలన్నీ వేలి కణుపులతో కొట్టి చూసి వెళ్ళిపోయాడు. ఇంకో జంట ఆమె ముందే ఏ గోడ పడగొట్టాలో మాట్లాడుకున్నారు. ఐదో వారంలో ఒక నర్సు వచ్చింది, చంకలో మూడేళ్ళ కూతురు. మేడ గది కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న డిపో గేటు చూసి, "బస్సు బయటికి రావడం ఇక్కణ్ణించే కనిపిస్తుందే. చూసుకుని దిగితే డ్యూటీకి సరిపోతుంది" అంది. పట్టికమ్మ మనసులో ఇల్లు ఆ క్షణానే అమ్ముడుపోయింది.

పెళ్ళికి ముందు ఆయన ఒకసారి ఆఫీసుకు వచ్చి ఆమె బల్ల మీద పట్టిక పెట్టి, "మార్కెట్టు నించి ఆసుపత్రికి పదకొండు నిమిషాలా? ఎగిరి వెళ్ళమంటారా?" అని అడిగాడు. మర్నాడు ఆమె చేతి గడియారంతో ఆయన బస్సెక్కి వెనక సీట్లో కూర్చుంది. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. పట్టిక దిద్దింది. ఆ తర్వాత దిద్దాల్సినవేవీ లేకపోయినా ఆ బస్సెక్కడం మానలేదు. పెళ్ళయ్యాక ఈ ఇల్లు కొన్నారు. డ్యూటీ దిగి వచ్చి ఆయన రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేవాడు. పైగది సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నన్ని రోజులూ ఆమె చెవులు ఆ అడుగుల చప్పుడు కోసమే ఎదురుచూశాయి. కింద నుంచి మాత్రం ఆయన గొంతు వినిపించేది, "ఇప్పుడు బయటికొచ్చిన బండి ఏ నంబరూ?" అని. ఆమె పని ఆపి, కిటికీలోంచి చూసి చెప్పేది.

పదో వారంలో నర్సు ఫోను చేసింది. "అక్కా, మా ఓనరు వారం ముందే ఖాళీ చెయ్యమంటున్నాడు. పాపతో ఎక్కడికని పోను?" పట్టికమ్మ అలమర మీది చార్టు వైపు చూసి సరేనంది. ఖాళీగా వదిలిన వారం అలా కొట్టుకుపోయింది. కొత్త వాటా తాళంచెవి చేతికొచ్చిన మర్నాడే బయలుదేరడం. తొమ్మిదికి లారీ, పదకొండుకి నర్సు సామాను.

ఆ ఉదయం లారీవాళ్ళు హాలు ఖాళీ చేసి, ఇక ఆయన కూర్చున్న కుర్చీ కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన లేవలేదు.

"ఒక్కసారి పైకి తీసుకెళ్ళవూ?"

"ఇప్పుడా? పైన ఏముందండీ, అంతా ఊడ్చేశాను."

"తెలుసు."

ఆమె గడియారం చూసుకోలేదు. లారీ డ్రైవరుతో, "కాస్త ఆగాలి నాయనా" అంది. ఆయన మెట్లకు వీపు పెట్టి మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు వెనక మెట్టు మీద ఆనించి ఒళ్ళు పైకి లాక్కున్నాడు. ఆమె కింద నిలబడి ఒక్కో కాలూ ఎత్తి పెట్టింది. ఆరో మెట్టు దగ్గర ఆగారు, పదకొండో మెట్టు దగ్గర మళ్ళీ ఆగారు. "లోడు ఎక్కువైంది, బండి గేరు మార్చాలి" అన్నాడు రొప్పుతూ. ఆమెకు నవ్వొచ్చింది.

గదిలో మంచం ఉన్నచోట గోడ తెల్లగా మిగిలింది. ఆయన గోడకు చేరగిలబడి చుట్టూ చూశాడు.

"చిన్న గదే. నాకు చాలా పెద్దదని గుర్తు."

ఆమె పక్కన కూర్చుంది. ఎదురుగా గేట్లోంచి బళ్ళు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. ఆయన ఈసారి నంబరు అడగలేదు. కింద లారీ హారను రెండుసార్లు మోగింది. ఇద్దరూ కదల్లేదు. చివరికి నర్సే మెట్లెక్కి వచ్చి, వాళ్ళను చూసి, చప్పుడు చెయ్యకుండా దిగిపోయి, తన సామాను వీధిలోనే ఆపించింది. దిగడానికి ఎక్కినంతకన్నా ఎక్కువసేపే పట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త వాటా మంచిదే, ఒక్క మెట్టు లేదు, చెల్లెలు పొద్దుటా సాయంత్రం వచ్చి పోతుంది. ఆ సందులోకి మాత్రం బస్సు రాదు. కర్ర పట్టుకుని ఆయన మొదట వరండా దాకా, తర్వాత సందు చివర దాకా నడిచాడు. ఆరో నెలలో కర్ర కూడా వదిలేశాడు.

ఒకరోజు పాత అడ్రసుకు ఉత్తరాలేవో వచ్చాయని నర్సు కబురు పెడితే పట్టికమ్మ వెళ్ళి తెచ్చుకుంది.

"లోపలికెళ్ళావా?" అన్నాడాయన.

"హాల్లో కూర్చున్నాను. పైకి రమ్మని పిలిచింది. వెళ్ళలేదు."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, సాయంత్రం నడకకు. "ఇప్పుడైతే నేను ఎక్కేస్తానే" అన్నాడు.

"ఎక్కేస్తారు" అంది ఆమె. చెప్పులు ఇంకా విడవనేలేదు. తలుపు దగ్గరగా వేసి ఆయనతోపాటు సందులోకి నడిచింది.