వద్దనగలిగే వాళ్లు

1980 మొదట్లో సంగతి. విశాఖ రేవులో నేను షిప్ చాండ్లర్‌ని. అంటే వచ్చిన ఓడలకు కూరలు, మాంసం మొదలుకొని సబ్బుల దాకా అందించేవాణ్ని. కొట్లో పుట్టి పెరిగినవాణ్ని గనక బేరంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ని. అలా అనుకునేది నేనొక్కణ్నే.

ఒక పశ్చిమ జర్మనీ ఓడ వచ్చింది. సరుకుల పట్టీ, అంటే ఇండెంట్, రాసేది వంటశాల పెద్ద చీఫ్ స్టీవార్డ్. అందులో క్యాబేజీ ఉంది. నా దగ్గరేమో తగరపువలస సంతలో చవగ్గా దొరికిన గుమ్మడికాయలున్నాయి. స్టీవార్డ్‌కి గంధపు పెట్టె ఒకటి బహూకరించి, క్యాబేజీ కొట్టేయించి గుమ్మడి రాయించాను.

మర్నాడు లారీ జెట్టీ మీదికి చేరేసరికి ఓడ మెట్ల దగ్గర ముగ్గురు నావికులు అడ్డంగా నిలబడ్డారు. మెస్ కమిటీ అట. సిబ్బంది ఓట్లేసి ఎన్నుకున్నవాళ్లు. గుమ్మడికాయలు చూసి, సరుకంతా వద్దన్నారు.

"గుమ్మడికాయలు దించేస్తాను, మిగతావి తీసుకోండి" అన్నాను.

"పట్టీ రాసే అధికారం మాకు లేదు. అందులో ఒకటి మార్చే అధికారమూ లేదు. వద్దంటే మొత్తం వద్దనడమే."

సాయంత్రం ఓడ కదులుతుంది. మాంసం ఎండలో ఉంది. లారీ యజమాని అప్పలనాయుడు తల గోక్కున్నాడు. "ఏటి బావా, రాసినోడు రాసేసినాక మద్దిలో ఈళ్లెవులు?"

కెప్టెన్ దగ్గరికి పరుగెత్తి, రాయలేనివాళ్లు వద్దనడమేమిటని మొరపెట్టుకున్నాను. ఆయన నవ్వాడు. "మా యూరప్‌లోనూ ఇదే. నిరుడు తొమ్మిది దేశాల ప్రజలం నేరుగా ఓట్లేసి ఒక పార్లమెంటును ఎన్నుకున్నాం. చట్టం ప్రతిపాదించడం దాని చేతిలో లేదు. కానీ మొన్న డిసెంబరులో బడ్జెట్ మొత్తాన్నీ తిప్పి పంపింది."

మాంసం సంగతి మరిచిపోయి అడిగాను: "మా ఢిల్లీ లాంటిదా?"

"కాదు. మా రాష్ట్రానికొక శాసనసభ, దేశానికి బాన్‌లో పార్లమెంటు ఉన్నాయి. ఇది వాటికీ పైన. అయినా పెత్తనం చాలావరకు ఆయా దేశాల మంత్రులదే."

"పెత్తనం లేకుండా పైన కూర్చుని ఏం లాభమండీ?"

"మంత్రులు తమలో తాము బేరం కుదుర్చుకున్నప్పుడు, తినేవాణ్ని అడిగారా అనేవాడు ఒకడుండాలి కదా?"

వెనకే వచ్చిన అప్పలనాయుడికి తెలుగులో చెప్పాను. వాడు పకపకా నవ్వాడు. "నువ్వడగనేదు కదేటి బావా!"

కిందికి దిగి కమిటీని అడిగాను. వాళ్లకు కావలసింది క్యాబేజీయే. బజారంతా గాలించి మూడింటికల్లా తెచ్చాను. స్టీవార్డ్ పట్టీ తిరగరాశాడు. ముగ్గురూ ఒక్కో బుట్ట విప్పి చూసి పక్కకు జరిగారు.

అంతకుముందు ఏ ఓడ ఎక్కినా, పట్టీ రాసేవాడెవడని అడిగేవాణ్ని. ఆ తర్వాత, వద్దనేవాళ్లు ఎక్కడ కూర్చుంటారని అడగడం మొదలుపెట్టాను. వాళ్ల దగ్గరికి మాత్రం ఉత్త చేతులతోనే వెళ్లేవాణ్ని.