సాయంత్రం పడిన దెబ్బ

నా చిన్నప్పుడు మా చేనేత వీధిలో పొద్దున్నే పడుగు నూలును బారుగా చాపి గంజి పెట్టేవారు. మా కుక్క సరిగ్గా ఆ దారాల మధ్యనుంచే పరుగెత్తేది. తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతూ కూర్చుంటే అమ్మకు మధ్యాహ్నం దాటిపోయేది.

నాన్న నేసిన చీరలు తీసుకుని బెజవాడ గవర్నర్‌పేట కొట్లకు వెళ్లి సాయంత్రం వచ్చేవారు. అమ్మ జరిగింది చెప్పేది, ఆయన బెత్తం తీసేవారు. కొన్నాళ్లకు నాన్న సైకిలు సందు మలుపు తిరగగానే కుక్క మంచం కింద దూరడం మొదలుపెట్టింది. చేసిన తప్పు దానికి తెలుసని, తెలిసే చేస్తోందని నాన్న అనేవారు. మర్నాడు అది మళ్లీ దారాల్లోనే ఉండేది. చివరికి ఆయన విసిగి, ఆదివారం దాన్ని కృష్ణ దాటించి వదిలేసి వస్తానన్నారు.

ఆ మాట విని పక్కింటి అక్క మా అరుగు మీదికి వచ్చింది.

"పొద్దున తొక్కినదానికి సాయంత్రం కొడితే దానికేం తెలుస్తుంది బాబాయ్? నువ్వొస్తే దెబ్బలు పడతాయని మాత్రం నేర్చుకుంది."

"ఓహో, కుక్కల భాష కూడా వచ్చటే నీకు?"

"భాషెందుకు, చెంబుడు నీళ్లు చాలు. ఆదివారం దాకా ఆగు."

మర్నాటినుంచి అక్క పడుగు పక్కనే చెంబుతో కూర్చుంది. కుక్క కాలు నూలుకు తగలగానే దాని ముఖాన నీళ్లు పడేవి. కాస్త ఆలస్యమైతే మాత్రం ఊరుకునేది. "ఇప్పుడు చల్లితే ఎందుకు చల్లానో దానికి తెలీదు" అని నాతో అంది.

ఆదివారం పొద్దున కుక్క నూలు దాకా వచ్చి, ఆగి, చుట్టూ తిరిగి వెళ్లింది. నాన్న చూశారు. బెత్తం చూరులో దోపారు. సైకిలు చప్పుడుకు అది మంచం కింద దూరడం మానడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

తర్వాత పటమటలో మా గీతా సత్సంగంలో కర్మఫలం గురించి ఏళ్ల తరబడి విన్నాను, చెప్పాను. భగవంతుడి న్యాయంలో నాకు ఏనాడూ సందేహం లేదు. అయితే ఫలం అందేసరికి చేసిన పని ఎప్పుడో మరుపున పడి ఉంటుంది. అప్పుడు ఎదురుగా ఎవరుంటే వారినే మన దుఃఖానికి కారణమనుకుంటాం. అందుకే కాబోలు, తప్పు చేసే క్షణంలోనే చురుక్కుమనే అంతరాత్మను కూడా ఆయనే ఇచ్చాడు.

మొన్న కళ్లు తిరిగి కూలబడితే, కాఫీ ఆలస్యం చేసిందని కోడలి మీద కేకలెయ్యబోయి ఆగాను. స్వామిని తలచుకుని నిదానంగా వెనక్కి వెతికాను. పోయిన వారం బీపీ మాత్రలు మానేసింది నేనే.