అన్నంతో పాటు పోయినవి

2022 వానాకాలం. తెలుగువాళ్లు ఎప్పుడో వలసొచ్చిన ఉత్తరాది ఉక్కు నగరంలో, మాంగో అనే పేటలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను డైటీషియన్ని, అంటే రోగి ఏం తినాలో, ఎంత తినాలో రాసిచ్చే మనిషిని. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. నాకు తెలియనిది లేదనుకునే రోజులు.

అప్పారావు గారు ఊరి అవతలి బాగ్‌బేరా రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చారు. రైల్వే యార్డులో పాయింట్స్‌మన్, వ్యాగన్లు కలిపే పని. షుగర్ మనిషి. కాలి చిటికెనవేలి దగ్గర పుండు రెండు నెలలుగా మానడం లేదు. ఇలాగే ఉంటే ముందు వేలు, తర్వాత పాదం తీయాల్సి వస్తుందని సర్జన్ చెప్పి నా దగ్గరికి పంపారు. వెంట భార్య రవణమ్మ.

రిపోర్టు చూశాను. షుగర్ ఎక్కువ. ఆల్బుమిన్, అంటే రక్తంలో ఉండే ప్రోటీన్, బాగా తక్కువ. "దొంగచాటుగా అన్నం లాగిస్తున్నారు కదూ?" అని కసిరాను.

"రామ రామ! ఏడు నెలలైనాది మేడమ్, మెతుకు ముట్నేదు. మీరే కదా బంద్ అన్నారు!" అంటూ జేబులోంచి మడతలు పడ్డ కాయితం తీశారు. రైస్ బంద్, రోటీ చాలూ: అన్నం మానాలి, రొట్టె తినొచ్చు అని. దస్తూరీ నాదే, మనిషే నాకు గుర్తు లేరు.

"మరేటి తింటన్నారు?" మా అమ్మ యాస నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"రొట్టెలు. పొద్దుట ఆరు, రాత్రి ఆరు. ఆలూ భుజియా, అదే దుంపల వేపుడు."

"పప్పు? గుడ్డు? చేప?"

రవణమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అన్నం నేకుండా చేపల పులుసేటమ్మా? దేంట్లో కలుపుకుంతారు? పప్పూ వండనేదు, తోటకూరా వండనేదు. ఈయన తిననిది నానెలా తింతాను?"

రొట్టె కూడా అన్నంలాగే కార్బోహైడ్రేట్, ఒంట్లో చక్కెరగా మారేదే. పుండు పూడాలంటే కావాల్సింది ప్రోటీన్. నేను అన్నం ఒక్కటే తీశాననుకున్నాను. మన ఇళ్లలో అన్నం పోతే పప్పూ, చేపా, ఆకుకూరా అన్నీ దాని వెంటే పోతాయి. అది నాకెందుకు తట్టలేదు? నేనూ ఆ అన్నం తినే పెరిగానే!

"పక్క క్వార్టర్లో గంజి వారుత్తే ఆ వాసనకి గుమ్మంలో నిలబడిపోతన్నాను మేడమ్, సిగ్గు నేకుండా," అన్నారాయన తల దించుకుని.

కొత్త కాయితం రాశాను. పూటకి చిన్న కప్పు అన్నం, అంతకు రెట్టింపు ముద్దపప్పు, రెండు చేప ముక్కలు, ఆకుకూర, కొవ్వు కోసం చెంచాడు నూనె. రొట్టెలు బంద్. ఆయన్ని ఆ రోజే వార్డులో చేర్చుకున్నారు. మర్నాడు రవణమ్మ అక్కడికి క్యారేజీ తెచ్చింది. కొలతలు చూద్దామని నేనూ వెళ్లాను. ఆయన పులుసు కలిపి, ముద్ద చేసి, నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయారు. కళ్లు తుడుచుకుని అప్పుడు తిన్నారు. రవణమ్మ గోడవైపు తిరిగిపోయింది.

షుగర్ దిగింది, పుండులో ఎర్రగా కొత్త కండ పట్టి పూడడం మొదలైంది. కానీ వేలి ఎముక అప్పటికే చెడిపోయింది. వేలు తీసేశారు. పాదం దక్కింది.

"నా రాత వల్లే మీకు ఏడు నెలలు పోయాయి," అన్నాను మంచం పక్కన నిలబడి.

"వేలు పోతే పోనీండి మేడమ్. అన్నం వచ్చింది," అన్నారు.

అన్నానికి అంతలా మొహం వాచిన మనిషి నన్ను ఒక్క మాటైనా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఎవరి కంచంలోంచి ఏది తీసేయాలన్నా ముందు అడుగుతాను: "దీన్ని దేంతో తింటారు?"